ఇల్లు ముందా, బీడీ ముందా?

కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోది, విరుదునగర్ దానికదే ఒక జిల్లా. నడుమ సాత్తూరు, నల్లరేగడి చేలు, దారి పొడవునా అగ్గిపెట్టెల కార్ఖానాలు. వందల ఏళ్ళ కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ సీమలో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. తమిళంలో కరిసల్, అంటే నల్లరేగడి, నేల సాహిత్యానికి పెద్దదిక్కైన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో అలాంటి ఇంట్లోనే పుట్టారు. తమిళనాట తిరునంగైలని పిలిచే ట్రాన్స్ మహిళలు, తిరునంబిలని పిలిచే ట్రాన్స్ పురుషులు పొగ తాగే అలవాటు నుంచి బయటపడడానికి ఎవరు, ఎప్పుడు, ఎలా సాయపడాలన్నది ఇక్కడి ప్రశ్న. వాదాన్ని ఇద్దరి నోట పెడుతున్నాను. అక్క కోవిల్‌పట్టి తిరునంగై, హక్కుల పనిలో తల పండిన మనిషి. తమ్ముడు విరుదునగర్‌లో పొగాకు మాన్పించే పని చేసే ఆరోగ్య కార్యకర్త. ఇద్దరూ నా కల్పనే, వాళ్ళు చెప్పే ఏళ్ళూ అంకెలూ మాత్రం కల్పన కావు. నా మొగ్గు తమ్ముడి వైపని ముందే చెబుతున్నాను. కానీ అక్క అడిగేవాటికి జవాబు చెప్పలేకపోతే ఆ మొగ్గుకు విలువ లేదు.

అక్క: నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు తమ్ముడూ. బీడీ క్యాన్సరు తెస్తుంది, గుండెను దెబ్బతీస్తుంది, మానేయండి అంటావు. అందులో అబద్ధం లేదు. నేను మాట్లాడేది వరస గురించి. ఇంట్లోంచి గెంటేసిన పిల్లకు ముందు తల దాచుకునే చోటు కావాలి, తరువాత పని కావాలి, ఆ తరువాత భయం లేకుండా రోడ్డు మీద నడవగలగాలి. వీటిని ఒక్కొక్కటిగా కొట్లాడి తెచ్చుకుంటున్నాం. 2008లో తమిళనాడు ప్రభుత్వం మా కోసం సంక్షేమ బోర్డు పెట్టింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మా లింగం ఏదో చెప్పుకునే హక్కు మాదేనంది. 2019లో మా హక్కుల పేరుతో చట్టం వచ్చింది, అందులో మాకు నచ్చనివీ ఉన్నాయి. ఇక్కడ, కోవిల్‌పట్టి పక్కన మంతితోప్పులో, హక్కుల కార్యకర్త గ్రేస్ బాను లాంటి వాళ్ళు పట్టుబట్టి, అప్పటి కలెక్టరు సందీప్ నండూరి పూనుకుంటే, 2020లో తిరునంగైలకు ఇళ్ళూ ఆవులూ సొంత పాల సహకార సంఘమూ సమకూడాయి. ఆ కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆలోచించు. జిల్లా సరిహద్దు దాటితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఇన్ని లేమిల మధ్య బతికే మనిషి దగ్గరికొచ్చి చేతిలో బీడీ పారేయమంటే, మా బతుకులో నీకు కనపడింది అదొక్కటేనా అనిపించదా? పొగ మా కష్టానికి కారణం కాదు, ఆ కష్టంలోంచి వచ్చింది. ఇది నా సొంత మాట కాదు. అమెరికాలో 2008-09లో 6,456 మంది ట్రాన్స్ వ్యక్తులను అడిగిన పెద్ద సర్వేలో 30 శాతం మంది పొగ తాగుతామన్నారు, అప్పట్లో ఆ దేశపు పెద్దల్లో అది 20.6 శాతం. ఆ సమాచారాన్నే తీసుకుని 2016లో షైర్స్, జాఫీ అనే పరిశోధకులు తరచి చూస్తే తేలిందేమిటి? వివక్షకు గురైన వాళ్ళలో పొగ ఎక్కువ. చదువు, రాబడి, ఆరోగ్య బీమా ఉన్న వాళ్ళలో తక్కువ. తమ లింగం సరిగ్గా రాసి ఉన్న గుర్తింపు కాగితాలున్న వాళ్ళలోనూ తక్కువ. ఒక గుర్తింపు కార్డుకు ఉన్న బలం నీ ఉపన్యాసానికి ఉందా?

తమ్ముడు: నా ఉపన్యాసానికి లేదక్కా, ఒప్పుకుంటాను. మీరు చెప్పిన అధ్యయనం నాకూ ఇష్టమైనదే. ఊళ్ళో ఒక్క పోస్టరు అంటించకుండానే, కాగితాల మీద పేరు సరిచేసినందుకే పొగ తగ్గే అవకాశం ఉందని అది చెబుతోంది. పొగాకు నియంత్రణ అధికారులు రెవెన్యూ ఆఫీసులో గుర్తింపు కార్డుల ఫైలు కోసం తిరగాలని దాన్ని చదివాకే నాకు తోచింది. కానీ పొగ ఎందుకు మొదలవుతుందన్నది ఒక ప్రశ్న, ఎందుకు ఆగదన్నది మరో ప్రశ్న. మొదటిదానికి మీ జవాబు సరిపోతుంది, రెండోదానికి చాలదు. నికోటిన్ పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి కొన్ని క్షణాల్లో మెదడును చేరుతుంది. కొన్నాళ్ళకు మెదడు దాన్ని లెక్కలో పెట్టుకునే నడవడం మొదలుపెడుతుంది. ఇక ఆ మనిషి కష్టం తీరినా యావ తీరదు. ఇల్లొచ్చింది, ఆవు వచ్చింది, పాల డబ్బు చేతికొస్తోంది, అయినా తెల్లవారుజామున పాలు పితకడానికి లేచిన మనిషి చెయ్యి ముందు బీడీ కట్ట కోసమే వెతుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి బీడీ వెలిగించాల్సి వస్తే అలవాటు బాగా ముదిరినట్టని మేం లెక్కగడతాం, ఎందుకంటే రాత్రంతా తగ్గిన నికోటిన్ అప్పుడే ఎక్కువ బాధ పెడుతుంది. బీడీ సంగతి ఇంకా వేరు. తునికాకులో చుట్టింది సిగరెట్టు కాగితంలా సాఫీగా కాలదు, పీలుస్తూ ఉండకపోతే ఆరిపోతుంది. అందుకని తాగేవాళ్ళు గట్టిగా, మాటిమాటికీ లాగుతారు. చిన్నదే కదా అనుకున్న బీడీ ఆ లాగుడులోనే కార్బన్ మోనాక్సైడును, తారును లోపలికి చేరుస్తుంది. మీరు పోరాడి తెచ్చిన ఇల్లు ఆ మనిషికి నీడనిస్తుంది, కానీ ఆ ఇంట్లో ఎన్నేళ్ళు బతుకుతుందన్నది బీడీ మీద కూడా ఆధారపడి ఉంది. అందుకే మీరన్న వరస నాకు కుదరదు. ఇల్లు ఇప్పించేవాళ్ళు ఇల్లు ఇప్పించాలి, అదే రోజుల్లో మాన్పించగలవాళ్ళు మాన్పించాలి. ఒకటి పూర్తయ్యేదాకా రెండోది ఆగాలని ఎవరు పెట్టిన నియమం?

అక్క: ఆగాలని నియమం లేదు, ఆగక తప్పని బతుకులున్నాయి. రాత్రి రైల్లో, బజార్లో, దుకాణాల ముందు చెయ్యి చాచి తిరిగొచ్చిన పిల్ల ఎన్ని మాటలు పడి వస్తుందో నీకు తెలియదు. గదిలోకొచ్చి ఒక బీడీ వెలిగిస్తే ఆ రోజు విన్న బూతులు కాస్త వెనక్కి పోతాయి. పక్కవాళ్ళు కూడా ఒకటి వెలిగిస్తారు, నలుగురూ కూర్చుంటారు. దానికి ఆ క్షణంలో ఉన్న మందు అదొక్కటే. ఇంకో మందు చూపించకుండా ఉన్నదాన్ని లాగేసుకుంటే ఆ పిల్ల మనసు ఏమైపోవాలి? మాలో ఆత్మహత్య ఆలోచనలు ఎంతమందికి వస్తాయో మాకు తెలుసు. బీడీ కంటే ముందు వాటి నుంచి కాపాడుకోవాలి.

తమ్ముడు: మీరు వేసిన ప్రశ్నల్లో నేను తల వంచి వినాల్సింది ఇదే. మనసుకు ఊరట అవసరం లేదని అనేవాడు ఈ పనికి పనికిరాడు. నా ప్రశ్న ఒకటే, బీడీ ఆ ఊరట ఇస్తోందా? బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2014లో ఒక పరిశీలన వచ్చింది. పొగ మానినవాళ్ళనీ మాననివాళ్ళనీ కొంతకాలం వెంబడించి చూసిన 26 అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. మానినవాళ్ళలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయి. ఆ తగ్గుదల కుంగుబాటుకు ఇచ్చే మాత్రల ప్రభావంతో పోల్చదగినంత ఉంది. అప్పటికే మానసిక జబ్బుతో ఉన్నవాళ్ళలోనూ అదే కనిపించింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఒక బీడీకీ ఇంకో బీడీకీ మధ్య నికోటిన్ తగ్గుతుంటే చిరాకు, గుండెదడ, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. తరువాతి బీడీ ఆ చిరాకును తగ్గిస్తుంది. బజార్లో పడ్డ మాట వల్ల వచ్చిన బాధా, బీడీ లేక వచ్చిన గుంజాటనా ఒకే గుండెలో కలిసి ఉంటాయి కనుక, రెండోది తగ్గితే మొదటిదీ తగ్గినట్టుంటుంది. రేపు మళ్ళీ రెండూ ఉంటాయి. ఊరట పొందామని ఆ పిల్ల అనుకునేదాంట్లో చాలా భాగం బీడీ తానే పెట్టిన బాధను తానే తీర్చడం. కానీ అక్కా, మీరు చెప్పిన మరో సంగతికి నా దగ్గర అంత తేలిక జవాబు లేదు. నలుగురూ కూర్చోవడం అన్నారే, అది నిజమైన ఊరట. మాన్పించే పని ఆ కూర్చోవడాన్ని చెడగొట్టేదైతే ఓడిపోతుంది. అందుకని ఒక్కరిని విడదీసి మాన్పించడం కంటే ఒకే ఇంట్లో ఉండే నలుగురినీ కలిపి మొదలుపెట్టించడం మేలంటాను. మానిన మొదటి మూడు రోజులు గుంజాటన తీవ్రంగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామటుకు సద్దుమణుగుతుంది. ఆ రోజుల్లో పక్కన అదే బాధ పడుతున్న మనిషి ఉండడం కంటే పెద్ద సాయం లేదు.

ఈ చోట ఒక మాట నేను కలుపుకోవాలి. కష్టంలో ఉన్నవాళ్ళకు అలవాట్లు మానమని చెప్పడం దయలేనితనం అనే భావన మన చదువుకున్న వాళ్ళలో బాగా ఉంది. అది వినడానికి జాలిగా ఉంటుంది. ఫలితం మాత్రం ఎప్పుడూ ఒకటే. ఉన్నవాళ్ళకు డాక్టరు సలహా, నికోటిన్ గమ్, మాత్ర, ఆరా తీసే ఇంటివాళ్ళు. లేనివాళ్ళకు సానుభూతి. యాభై దాటకుండానే దగ్గుతో పోయే మనిషికి ఆ సానుభూతి ఏమీ చేయదు.

అక్క: సరే, ఊరట మాట వదిలేస్తాను. ఇంతకీ మాలో ఎంతమంది తాగుతారని నీ లెక్క? అమెరికా అంకె నేనే చెప్పాను, కానీ అది అమెరికాది. ఇక్కడ 2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ అనే గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మందిని, తమిళనాట 22,364 మందిని చూపించారు. ఆ గడి కూడా అప్పుడే మొదలు. మమ్మల్నే సరిగ్గా లెక్కపెట్టని వాళ్ళు మా బీడీలు లెక్కపెడతారా?

తమ్ముడు: లెక్కపెట్టాలనే నా గొడవ. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన వయోజన పొగాకు సర్వే, గ్యాట్స్ రెండో విడత, పెద్దవాళ్ళలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడతారని, 10.7 శాతం పొగ తాగుతారని తేల్చింది. మగవాళ్ళలో పొగ తాగేవాళ్ళు 19 శాతం, ఆడవాళ్ళలో 2 శాతం. ఫలితాల పట్టికలో ఉన్నవి ఆ రెండు వరుసలే. మీ వరుస లేదు. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మీ వాళ్ళ గురించి ఎంతో చెబుతోంది. ఈ దేశంలో పొగ మగతనానికి గుర్తుగా చలామణీ అవుతోంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ తిరునంబికి నలుగురు మగవాళ్ళు సిగరెట్టు అందిస్తే, అది తనను మగవాడిగా ఒప్పుకున్నందుకు గుర్తు. కాదనడం ఎంత కష్టమో ఆలోచించండి. తిరునంగై పరిస్థితి దీనికి తిరగబడి ఉంటుంది. ఆడవాళ్ళు తాగరనే సమాజంలో ఆడమనిషిగా గుర్తింపు కోరుకునే ఆమె తాగేది దాచుకుంటుంది. దాచుకున్న అలవాటు గురించి డాక్టరు అడగడు, ఆమె చెప్పదు. ఇద్దరికీ ఒకే కరపత్రం ఇస్తే ఇద్దరికీ పనికిరాదు. ఇంకోమాట, మిమ్మల్ని ప్రభుత్వాలు లెక్కపెట్టకపోయినా కంపెనీలు మీలాంటి వాళ్ళను లెక్కపెట్టాయి. 1990ల నడుమ అమెరికాలో ఆర్‌.జె. రేనాల్డ్స్ సిగరెట్టు కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్వలింగ ప్రేమికుల పేటనూ, నిలువ నీడలేని వాళ్ళుండే పేటనూ గురిపెట్టి ఒక అమ్మకాల పథకం వేసింది. ఇంగ్లీషులో దానికి పెట్టుకున్న పొడి అక్షరాల పేరు కలిపి చదివితే మురికి, తెట్టు అనే అర్థమొచ్చే మాట. ఆ కాగితాలు తరువాత బయటపడ్డాయి. సమాజం వెలివేసిన చోట కొనుగోలుదారులు దొరుకుతారని వాళ్ళకు తెలుసు. మనం రావడానికి వరస చూసుకుంటూ కూర్చుంటే అక్కడికి ముందు చేరేది వాళ్ళే.

అక్క: ఆ పేరు సంగతి వింటే ఒళ్ళు మండుతోంది. కానీ కంపెనీ మమ్మల్ని హీనంగా చూసిందని చెప్పి, ఆసుపత్రి గౌరవంగా చూస్తుందని చెప్పలేవు కదా. మా వాళ్ళు ఓపీ వరుసలో ఎక్కడ నిలబడాలి, ఆడవాళ్ళలోనా మగవాళ్ళలోనా అన్నదే తేలదు. చీటీ మీద పాత పేరు రాస్తారు, దాన్ని గట్టిగా పిలుస్తారు. అందరూ తిరిగి చూస్తారు. జ్వరం వస్తేనే వెళ్ళడానికి జంకే మనిషి బీడీ మానడానికి వెళుతుందా? ఫోను చేయమంటావు. సిగరెట్టు పెట్టె మీద నంబరు వేశారు, నిజమే. ఫోనులో గొంతు వినగానే ‘చెప్పండి సార్’ అంటే? అక్కడితో ఆ ఫోను పెట్టేస్తుంది, మళ్ళీ చేయదు.

తమ్ముడు: ఆ ‘సార్’ అన్న ఒక్క మాట ఎంత పని చెడగొడుతుందో మా శిక్షణ తరగతుల్లో మొదటి పాఠంగా చెప్పాలి. పేరు అడిగి, ఎలా పిలవమంటారని అడిగి, తరువాతే బీడీల గురించి అడగాలి. దానికి పది సెకన్లు చాలు. పెట్టె మీద వేసిన 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్. 2016లో ఢిల్లీలో మొదలైంది, 2018 సెప్టెంబరు నుంచి పొగాకు పెట్టెల మీద అచ్చవుతోంది. బెంగళూరు నిమ్హాన్స్ నుంచి తమిళం, తెలుగులోనూ మాట్లాడతారు. గొంతు వినిపించడం ఇష్టం లేనివాళ్ళకు మొబైలుకు సందేశాలు పంపే ప్రభుత్వ సేవ కూడా ఉంది, అందులో ఎవరూ ఎవరినీ ‘సార్’ అనరు. అయినా మీ అభ్యంతరం అసలు బలం వేరే చోట ఉంది, మన మనిషి చెబితేనే వింటాం అన్నదాంట్లో. లండన్‌లో రస్సెల్ అనే వైద్యుడు సాధారణ డాక్టర్లతో చేయించిన ఒక ప్రయోగం 1979లో అచ్చయింది. వచ్చిన రోగికి ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పి, కరపత్రమిచ్చి, మళ్ళీ అడుగుతామని చెప్పారు. ఏడాది తరువాత వాళ్ళలో 5.1 శాతం మానేశారు, ఏమీ చెప్పని వాళ్ళలో 0.3 శాతం. ఐదు శాతమేనా అనిపించవచ్చు. రెండు నిమిషాలకు అది చాలా ఎక్కువ. ఆ రెండు నిమిషాలు నమ్మకమున్న నోట రావాలి, అంతే. మీలో అలాంటి నోళ్ళు ఇప్పటికే ఉన్నాయి. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో తోటి తిరునంగైలే ఇల్లిల్లూ తిరిగి, పరీక్షలకు తీసుకెళ్ళి, మందులు ఆగకుండా చూస్తున్నారు. ఆ తిరిగే మనిషి సంచిలో గమ్ పెట్టె ఒకటి ఉంటే చాలు.

అక్క: మళ్ళీ ఎయిడ్స్ దగ్గరికే వచ్చావు. మా గురించి ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే తీసుకెళతారు.

తమ్ముడు: మీ కోపం న్యాయమైనదే. కానీ అక్కడ ఉన్న ఒక నిజాన్ని మీ కోపానికి భయపడి దాచలేను. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2017 లెక్కల్లో దేశంలో పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ 0.22 శాతం ఉంటే, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వర్గంలో 3.14 శాతం. మందులు ఉచితంగా దొరుకుతున్నాయి, క్రమంగా వాడితే మామూలుగా బతకవచ్చు. ఇప్పుడు డెన్మార్క్‌లో 2013లో వచ్చిన అధ్యయనం చూడండి. చికిత్స బాగా అందే ఆ దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ముప్పై ఐదేళ్ళ మనిషికి ఆ వైరస్ వల్ల తగ్గే ఆయుష్షు ఐదేళ్ళ చిల్లర. పొగ వల్ల తగ్గేది పన్నెండేళ్ళ పైన. ప్రభుత్వం కోట్లు ఖర్చుపెట్టి ఒక ఆపద నుంచి కాపాడిన మనిషిని, అంతకు రెట్టింపు ఆయుష్షు తినేసేదానికి వదిలేస్తోంది. పైగా పొగ తాగేవాళ్ళకు క్షయ సోకే ప్రమాదం రెండు మూడు రెట్లు. అయినా ఎయిడ్స్ దారి ఒక్కటే పట్టుకు వేలాడనక్కర్లేదు. తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో బీపీ, షుగరు మాత్రలు ఇంటి గుమ్మం దాకా తెచ్చిస్తున్నారు. అదే గుమ్మం దగ్గర ‘బీడీ తాగుతారా, మానాలనుందా’ అని ఒక్క ప్రశ్న అడగడానికి కొత్త జీవో అవసరమా? పాల సంఘం దగ్గర పొద్దున పాలు పోసే వేళ అడగొచ్చు, అక్కడ ఎవరూ ఎవరినీ వింతగా చూడరు.

అక్క: అడిగావు, మానాలనుందని చెప్పింది. తరువాత? గమ్ అన్నావు. మా పిల్లలు ఒకసారి కొని నమిలారు, గొంతు మండింది, కడుపులో తిప్పింది, పారేశారు.

తమ్ముడు: అది గమ్ తప్పు కాదు, ఎలా వాడాలో ఎవరూ చెప్పకపోవడం తప్పు. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. మామూలు గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ అంతా ఒక్కసారిగా ఊరి, ఉమ్మితో కడుపులోకి పోయి మంట పుట్టిస్తుంది. నెమ్మదిగా కొన్నిసార్లు కొరకాలి. నాలుక మీద మిరియపు ఘాటు తగలగానే ఆపి, చెంపకూ చిగుళ్ళకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్ళీ రెండు మూడు కొరుకులు, మళ్ళీ పక్కన. అలా అరగంట. టీ తాగిన పావుగంటలోపు పెట్టుకుంటే నోట్లోని పులుపు వల్ల అది సరిగ్గా ఎక్కదు. పొద్దున టీతోనే బీడీ అలవాటున్న మనిషి ఇక్కడే ఓడిపోతుంది. అందుకే ఆ మనిషికి ముందు గమ్, తరువాత టీ అని వరస మార్చి చెప్పాలి. యావ పుట్టిన ప్రతిసారీ అది మూడు నుంచి ఐదు నిమిషాలు గట్టిగా ఉండి తగ్గుతుందని కూడా చెప్పాలి. ఇంత చిన్న సంగతులు తెలియకే చాలామంది తమకు మనోబలం లేదని తమను తాము తిట్టుకుంటారు.

అక్క: నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకా అడగలేదు. నువ్వు మంచివాడివే, కానీ ఈ మాట అధికారుల చేతిలోకి వెళితే ఏమవుతుంది? పొగ తాగేవాళ్ళకు ఇల్లు ఇవ్వం, లోను ఇవ్వం, కార్డు ఇవ్వం అంటారు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం ఉంది, రెండు వందల దాకా జరిమానా. బస్టాండులో పదిమంది తాగుతుంటే పోలీసుకు ముందు కనిపించేది మా మనిషే. నీ ఆరోగ్య సూత్రం మా మీద కొత్త కర్ర అవుతుంది. ఇప్పటికే లింగ మార్పిడి ఆపరేషనుకు షరతు పెడుతున్నారు, పొగ మానితేనే చేస్తామని.

తమ్ముడు: ఇల్లు, లోను, కార్డు మీద షరతు పెడితే నేను మీ పక్కనే నిలబడి ధర్నా చేస్తాను. హక్కుకు అర్హత పరీక్ష ఉండకూడదు. చట్టం పదిమందిలో ఒకరినే పట్టుకుంటే అది చట్టం అమలు కాదు, వేధింపు. కానీ ఆపరేషను సంగతి వేరు, దాన్ని అధికారి పెత్తనంతో కలపకండి. కింది భాగంలో కొత్త ఆకారం కోసం కత్తిరించి మలిచే చర్మానికి సన్నని రక్తనాళాలే ఆధారం. నికోటిన్ వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. రక్తం అందకపోతే ఆ చర్మం చచ్చిపోతుంది, కుట్లు విడిపోతాయి, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దేహం పాడవుతుంది. కనీసం నాలుగు వారాల ముందు నుంచీ మానమనడం అందుకే. హార్మోన్ల సంగతీ అంతే. డాక్టరు దాకా వెళ్ళలేక చాలామంది తిరునంగైలు మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వేసుకుంటారు. వాటిలోని ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ముప్పై ఐదు దాటి పొగ తాగే స్త్రీలు ఆ మాత్రలు వాడవద్దని ప్రపంచమంతటా హెచ్చరిస్తారు. తిరునంబి తీసుకునే టెస్టోస్టిరోన్ రక్తంలో ఎర్రకణాలను పెంచి చిక్కబరుస్తుంది, పొగ కూడా అదే పని చేస్తుంది. ఇదంతా బెదిరింపులా వినిపిస్తుందని తెలుసు. కానీ ఇదే చోట నాకు ఆశ కూడా కనిపిస్తోంది. బోస్టన్‌లో హార్మోను చికిత్స తీసుకుంటున్న ట్రాన్స్ మహిళల్లో పొగ మానినవాళ్ళ పాళ్ళు మామూలు జనం కంటే ఎక్కువని 2017లో మైయర్స్, సేఫర్ అనే వైద్యులు రాశారు. అక్కడ చికిత్స ఇచ్చే డాక్టరే పొగ గురించీ మాట్లాడేవాడు. తాను కావాలనుకున్న దేహం చేతికందే దూరంలో ఉన్నప్పుడు మనిషి మానగలుగుతోంది. ఎప్పుడో వచ్చే క్యాన్సరు కోసం మానలేని మనిషి, వచ్చే ఏడాది ఆపరేషను కోసం మానుతుంది. మీరు మొదట చెప్పిన గుర్తింపు కార్డు అధ్యయనం చెప్పేదీ ఇదే. తనను తానుగా బతకనిస్తే మనిషి తన ఒంటిని కాపాడుకుంటుంది. మీ వాదనా నా వాదనా అక్కడ కలుస్తున్నాయి.

అక్క: కలుస్తున్నాయంటే సరిపోదు, ఎలా కలుస్తాయో చెప్పు. మదురై రాజాజీ ఆసుపత్రిలో మా కోసం ప్రత్యేక క్లినిక్ ఉంది. కోవిల్‌పట్టి నుంచి ఒక పిల్ల పనికి సెలవు పెట్టి, బస్సు చార్జీ పెట్టుకుని అక్కడికి వెళుతుంది. పొగ మాని రా అంటారు. ఎలా మానాలో చెప్పరనుకో. తిరిగొస్తుంది, మానలేదు, తేదీ పోతుంది. తప్పు ఆమెదని రాసుకుంటారు.

తమ్ముడు: అయితే షరతు పెట్టినవాళ్ళ మీదే బాధ్యత పెడదాం. మానమన్న రోజే గమ్, దాన్ని వాడే తీరు, వారం వారం పలకరించే మనిషి, మూడూ కలిపి ఇవ్వాలి. అది కూడా నాలుగు వారాల ముందు మొదలుపెడితే ఆలస్యమే. గమ్‌లోనూ నికోటిన్ ఉంది కనుక ఆపరేషను నాటికి దాన్నీ తగ్గించి ఆపమని కొందరు సర్జన్లు అడుగుతారు. మూడు నెలల ముందు నుంచీ మొదలవ్వాలి. ఆ మూడు నెలలూ మదురై తిప్పకుండా కోవిల్‌పట్టి ప్రభుత్వ ఆసుపత్రిలోనో, 2022లో మొదలైన విరుదునగర్ వైద్య కళాశాలలోనో చూడాలి.

అక్క: మధ్యలో ఒకసారి జారి తాగితే?

తమ్ముడు: మళ్ళీ మొదలుపెట్టిస్తాం. చాలామంది పలుమార్లు ప్రయత్నించాకే మానతారు. తేదీ కొంచెం వెనక్కి జరుగుతుంది, రద్దు కాదు.

అక్క: ‘రద్దు కాదు’ అన్నది కాగితం మీద ఉండాలి. నోటిమాటగా కాదు, ఆమె చీటీ మీద, ఆమె చెప్పిన పేరు కిందే రాయాలి. మా వాళ్ళ కట్టుబాటు నడిపే జమాత్‌లో గురువులకు చెప్పి పిల్లల చేత బలవంతంగా మాన్పించే ఆలోచన ఎవరికైనా ఉంటే దాన్ని కూడా ఇప్పుడే వదిలేయాలి. మా గురువు మాటకు ఎదురు చెప్పలేని పిల్లలు చాటుకు పోయి తాగుతారు, అంతకన్నా ఏమీ జరగదు.

తమ్ముడు: గురువులనే మొదటి గుంపులో చేర్చుకుంటే?

అక్క: అది వేరే మాట. వాళ్ళలో ముప్పై ఏళ్ళుగా తాగేవాళ్ళున్నారు. దగ్గు వాళ్ళకే ఎక్కువ. పాలు పోసే చోటికి పొద్దున ఆరింటికి రా, నలుగురిని కూర్చోబెడతాను. గమ్ ఎలా నమలాలో ముందు వాళ్ళకు చూపించు.